పసుపు పెట్టినారా?

“మనిషి మంచోడేనప్పా. ఆ పసుపు పిచ్చి ఒకటే ఆయన్నీ చెరిపింది, కంపెనీనీ చెరిపింది.”

మొన్న లెక్కలాయన పదకొండో రోజు భోజనాలయ్యాక, తుండుతో చెయ్యి తుడుచుకుంటూ సావుకారు అన్న మాట ఇది. పోయిన మనిషి ఇంటి వసారాలో నిలబడి, లోపల ఆయన భార్య వినేంత గట్టిగా అన్నాడు. చుట్టూ ఉన్న పదిమందీ తలలూపారు. నేనూ అక్కడే ఉన్నాను. నా తల ఊగిందో లేదో గుర్తు లేదు కానీ, నోరు మాత్రం పెగల్లేదు.

ఇంటికి వచ్చాక ఒళ్ళు మండింది. సావుకారు మీద ఎంత మండిందో నా మీదా అంతే మండింది. ఆ పసుపు పెట్టిన చెయ్యి ఎవరిదో నాకు తెలుసు. తెలిసి నాలుగేళ్ళుగా నోరు మూసుకుని ఉన్నాను. ఇక ఆ అబద్ధం ఊళ్ళో తిరిగింది చాలు. అందుకే ఇది పత్రికకు రాస్తున్నాను.

ఆయన్ని అందరూ లెక్కలాయన అనే పిలిచేవాళ్ళు. పేరు ఉండేది, జీతాల పుస్తకంలో తప్ప ఇంకెక్కడా దానితో పని పడేది కాదు. దేవనహళ్ళి వైపు మనిషి. చిక్కపేటలో సావుకారు తండ్రి పట్టుచీరల దుకాణం పెట్టిన రోజుల్లోనే లెక్కలు రాయడానికి కుదిరాడు. నేను వెళ్ళేసరికి తండ్రి పోయి, కొడుకు చేతిలో దుకాణం కంపెనీ అయింది. యుద్ధం రోజులు. మరమగ్గాలు వేయించి, పారాచూట్లకు పట్టుబట్ట నేసి ఇచ్చే సర్కారు కాంట్రాక్టు సంపాదించాడు సావుకారు. దండులోని మిలిటరీ డిపోకి ఇంగ్లీషులో ఉత్తరాలు రాయాలి కాబట్టి నన్ను టైపిస్టుగా పెట్టుకున్నారు. అప్పటికి నాకు ముప్పై ఏళ్ళు, ఇద్దరు పిల్లలు, నలభై ఐదు రూపాయల జీతం. ఈ మూడూ ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

లెక్కలాయన పొట్టిగా ఉండేవాడు. ఎండాకాలంలో కూడా నల్లకోటు మెడ దాకా గుండీలు పెట్టుకునేవాడు. కుర్చీ ఇస్తే దాని మీద కూడా బాసింపట్టు వేసుకునే కూర్చునేవాడు. లెక్కపుస్తకం తెరిచే ముందు, దుమ్ము ఉన్నా లేకపోయినా, అట్టను ఉత్తరీయంతో తుడిచేవాడు. ఎవరన్నా గొప్పలు చెబుతుంటే మొహం కేసి చూడడు, వాళ్ళ చేతుల కేసి చూస్తాడు. చెప్పడం అయిపోయాక మెల్లిగా అడుగుతాడు: “పసుపు పెట్టినారా?”

ఈ మాట వెనక ఉన్నది చీరల వ్యాపారం. పెళ్ళిళ్ళ కాలంలో పెద్ద ఇళ్ళ ఆడవాళ్ళు దుకాణానికి రారు. ఇరవై ముప్పై చీరలు మూట కట్టి ఇంటికి పంపాలి. వాళ్ళు నాలుగు రోజులు ఉంచుకుని, అక్కచెల్లెళ్ళకు చూపించుకుని, కావలసినవి తీసుకుని మిగిలినవి తిప్పి పంపుతారు. మన ఇళ్ళల్లో కొత్తబట్ట ఏదైనా మూలకు కాస్త పసుపు అద్దనిదే కట్టుకోరు కదా. పసుపు అద్దారంటే ఆ చీర ఆ ఇంటిది అయిపోయినట్టు. అంతవరకూ అది దుకాణం సరుకే, మన గుమ్మం దాటి ఎంత దూరం పోయినా సరే.

లెక్కలాయన పద్ధతి మొత్తం దాని మీదే నడిచేది. మూట ఇంటికి వెళ్ళగానే ‘చూపు’ అని పైన రాసిన పేజీలో, పెన్సిలుతో, ఏ ఇంటికి ఎన్ని చీరలో రాసేవాడు. పసుపు పెట్టారని కబురు వచ్చాకనే ఆ పద్దును సిరాతో అమ్మకాల్లోకి ఎక్కించేవాడు. ఎవరైనా ముందుగా డబ్బిచ్చి ఫలానా రంగు చీర నేయించమంటే, ఆ డబ్బూ అమ్మకం కాదు. “చీర యాడ ఉండాది? మగ్గం మింద ఉండాది. అంతదాకా ఈ దుడ్డు వాళ్ళదే, మనం దాచి పెట్టినాము, అంతే” అనేవాడు. ఆ డబ్బుకు ఇంకో పేజీ ఉండేది.

మేమంతా ఆయన్ని ఏడిపించేవాళ్ళం. “కూతురికి సంబంధం కుదిరిందంట కదా లెక్కలాయనా” అంటే, “చూపులో ఉండాదప్పా” అనేవాడు. మబ్బు పట్టిందని గొడుగు తీస్తే, “రానీ, తడవనీ” అనేవాడు. తెల్లారి కాఫీ తాగుతూ కూడా లోటా ఖాళీ అయ్యేదాకా బాగుందని చెప్పేవాడు కాదు. నవ్వుకునేవాళ్ళం. నవ్వడానికి మాకు ఖర్చేముంది.

ఒకసారి బళేపేటలో పెద్ద ఇంటి నుంచి మూట తిరిగి వచ్చింది. అందులో ఎర్ర అంచు చీర ఒకటి. ఆయన మూలలు ఒక్కొక్కటే బొటనవేలితో తడుముతూ పోయాడు, ఆ ఎర్ర అంచు దగ్గర ఆగి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత వాకిట్లోకి తీసుకెళ్ళి వెలుతురులో పట్టుకుని నన్ను పిలిచాడు. ఉతికినా పోని పచ్చటి చుక్క, గోరంత. “పెద్దోళ్ళు, మళ్ళీ వస్తారు, పోనీలే” అన్నాడు సావుకారు. లెక్కలాయన ఒప్పుకోలేదు. చీర చంకలో పెట్టుకుని ఆ ఇంటికి నడిచి వెళ్ళాడు. అక్కడి ముసలామెతో ఏం గొడవ పడలేదంట. “అమ్మా, ఇది మీరు ఒప్పుకున్న చీర” అని ముందు పెట్టాడంట. ఆమె చుక్కను చూసుకుని, కోడలిని కేకేసి డబ్బు ఇప్పించిందంట.

రెండు వైపులా ఒకే మాట మీద ఉండేవాడని చెప్పడానికి ఇంకొకటి చెప్పాలి. కాంట్రాక్టు వచ్చిన మొదటి ఏడు, మార్చిలో డిపోవాళ్ళు బట్టను పరీక్ష చేసి ముద్ర వేశారు. డబ్బు మాత్రం మే నెలకు గానీ రాదు. అధిక లాభాల మీద పన్ను తప్పించుకుందామని, దాన్ని వచ్చే ఏడు రాయమన్నాడు సావుకారు. “దుడ్డు రాలేదు కదప్పా, అమ్మకం ఎట్లవుతాది” అని వాదన. లెక్కలాయన ముద్రను వేలితో చూపించాడు. “పసుపు పెట్టేసినారు సావుకారూ. దుడ్డు ఎప్పుడొచ్చినా అమ్మకం ఈ ఏడుదే.” అలాగే రాశాడు, పన్ను కట్టించాడు. ఆ రోజు డబ్బు రాలేదు కాబట్టి అమ్మకం కాదన్న పెద్దమనిషి, ఏడాది తిరక్కుండానే, డబ్బు సంగతి అటుంచి సరుకును ఎవరూ చూడకపోయినా అమ్మకమే అన్నాడు. ఇలాంటి నాలుకకు ఊళ్ళో ఎంత మర్యాదో చూడండి.

ఆ రెండో ఏడు మార్చి ఆఖరి శుక్రవారం. మగ్గాలు సగం రోజులు పాడై ఉండి, ఏడంతా నష్టం. మూడు బండ్ల నిండా పట్టుబట్ట తానులు దండుకు బయల్దేరుతున్నాయి. డిపోలో వాటిని పరీక్ష చేయడానికి రెండు నెలలు పడుతుంది. ఆ మూడు బండ్లూ ఈ ఏడు అమ్మకాల్లో చేరితే లాభం, చేరకపోతే నష్టం. లాభం చూపిస్తే కంపెనీ కొత్త వాటాలు అమ్మవచ్చు. కబ్బన్‌పేట నేతగాళ్ళూ, పింఛను తీసుకున్న పంతుళ్ళూ కొనడానికి సిద్ధంగా ఉన్నారు. సావుకారుకు కావలసింది అది.

“లెక్కలాయనా, ఈ మూడు బండ్లూ అమ్మకం కింద రాసేయండి” అన్నాడు.

“పసుపు పెట్టినారా?”

“అది చీరలకప్పా. ఇది సర్కారు కాంట్రాక్టు. ఆర్డరు ఉండాది, చలానా ఉండాది, బండి గేటు దాటతా ఉండాది. ఆడిటరు కూడా ఇంతే చాలన్నాడు.”

“చీరల మూట కూడా గడప దాటే పోతాది సావుకారూ. కాంట్రాక్టు కాయితంలో ఏముందో టైపిస్టప్పను చదవమనండి. వాళ్ళు చూసి ముద్ర వేసేదాకా సరుకు మనదే, చెడితే నష్టం మనదే అని ఉండాది. వాళ్ళు వద్దంటే మూడు బండ్లూ వెనక్కి వస్తాయి. అప్పుటికి వాటాలు కొన్నోళ్ళ దుడ్డు మన దగ్గిర ఉంటాది. వాళ్ళకేం చెప్పేది?”

నేను చదవలేదు. నన్ను ఎవరూ చదవమననూ లేదు. సావుకారు మొహం ఎర్రబడింది. పెరట్లో శుక్రవారం పూజ అప్పుడే అయింది, పసుపు కుంకుమల పళ్ళెం గుమ్మం పక్కనే ఉంది. అందులోంచి తడిపసుపు వేలితో తీసి, మొదటి బండి మీది తాను మూలకు అద్దాడు. పక్కన ఉన్నదానికీ అద్దాడు. అంతవరకూ మీరు అంటున్న మనిషి నువ్వులోకి దిగాడు.

“పెట్టినా చూడు. ఇప్పుడు రాయి.”

బండి తోలేవాళ్ళు నవ్వారు. బట్ట మడతలు పెట్టే ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. నేనూ నవ్వాను. సావుకారు ఆ ఆడవాళ్ళ వైపు తిరిగి, “శుభమే కదా, అన్ని తానులకూ పెట్టండమ్మా” అన్నాడు. వాళ్ళు పెట్టారు. మూడు బండ్లు.

లెక్కలాయన నవ్వలేదు, కోప్పడలేదు. “పసుపు పెట్టాల్సింది కొన్నోళ్ళప్పా. అమ్మేవాళ్ళు పెట్టుకుంటే ఏమొస్తాది” అన్నాడు. పుస్తకం మూసి, అట్ట తుడిచి, సావుకారు బల్ల మీద పెట్టి వచ్చి తన చోట కూర్చున్నాడు. సాయంత్రానికి సావుకారు అల్లుడు వచ్చి ఆ పద్దు సిరాతో రాశాడు. మర్నాటి నుంచి లెక్కలాయనకు గోనెసంచులూ కిరసనాయిలూ లాంటి చిల్లర ఖర్చుల పుస్తకం ఇచ్చారు. నలభై ఏళ్ళు ఆ ఇంటి లెక్కలు మోసిన మనిషికి.

ఆడిటరు వచ్చి చలానాలు చూసి సంతకం పెట్టాడు. కారులో వచ్చి, కాఫీ తాగి, డిపోవాళ్ళను ఒక్క ముక్కైనా అడగకుండా సంతకం పెట్టాడు. లాభనష్టాల పట్టీ టైపు కొట్టింది నేనే. కొత్త వాటాలు పది రోజుల్లో అమ్ముడుపోయాయి.

మే ఆఖరున డిపో నుంచి ఉత్తరం వచ్చింది. కవరు విప్పింది నేను. ప్రతి తాను మూలా పచ్చటి మరక, మడతల్లోంచి లోపలికి దిగింది. మరక పడిన పట్టు పారాచూట్లకు పనికిరాదు. సరుకంతా వెనక్కి తీసుకోవాలి. పారాచూటుతో దూకే మనిషి ప్రాణం ఆ బట్ట మీద ఉంటుంది కదా, వాళ్ళు మరకలు చూడకుండా ఎలా ఉంటారు. మూడు బండ్లూ తిరిగి వచ్చి పెరట్లో నిలబడ్డాయి. అమ్మేసి, లాభం లెక్క కట్టి, దాని మీద జనం దగ్గర డబ్బు తీసుకున్న సరుకు అది.

వాటాదారులు ఊరుకుంటారా. జూలైలో ఒక పెళ్ళి ఛత్రంలో మీటింగు పెట్టారు. నేతగాళ్ళు పనులు మానుకుని వచ్చారు. బండ్లు తోలినవాళ్ళనూ, మడతలు పెట్టిన ఆడవాళ్ళనూ ఎవరూ పిలవలేదు. మీటింగులో ఎవరేమన్నారో రాయడానికి నన్ను బల్ల పక్కన కూర్చోబెట్టారు. లాభం ఎక్కడికి పోయిందని అడిగారు. సావుకారు లేచి, చేతులు జోడించి చెప్పాడు.

“మా నాయన కాలం నుంచీ ఉండే మనిషి అని నమ్మినాము. ఆయనకు ప్రతిదానికీ పసుపు పిచ్చి, చిక్కపేటంతా తెలుసు. నాకు చెప్పకుండా సర్కారు సరుకు మింద పసుపు పూయించినాడు. అమ్మకాల్లోకి ఎక్కించిందీ ఆ పసుపు చూసుకునే.”

నా పెన్ను కాగితం మీద నడుస్తూనే ఉంది. ఆ అబద్ధాన్ని పొల్లుపోకుండా రాశాను.

లెక్కలాయన వెనక వరసలో కూర్చుని ఉన్నాడు. లేచాడు. తను పెట్టలేదని వాదించలేదు, సావుకారు పేరెత్తలేదు. “టైపిస్టప్ప ఆ దినం అక్కడే ఉన్నాడు. ఆయప్పను అడగండి” అన్నాడు. అంతే అని కూర్చున్నాడు.

ఛత్రం మొత్తం నా వైపు తిరిగింది. సావుకారు కూడా తిరిగాడు. “ఏమప్పా, నువ్వు చూసినావా?” అన్నాడు, ఎంతో మెత్తగా.

ముప్పై ఏళ్ళు, ఇద్దరు పిల్లలు, నలభై ఐదు రూపాయలు. ఆ మూడూ నా గొంతులో అడ్డం పడ్డాయని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఏమీ అడ్డం పడలేదు. చాలా స్పష్టంగానే మాట్లాడాను.

“నేను అప్పుడు భోజనానికి పోయినానండి” అన్నాను.

లెక్కలాయన మొహం చూడలేదు. నా చేతుల కేసి చూశాడు.

ఆ తర్వాత చిక్కపేటలో ఎవరూ ఆయనకు లెక్కలు ఇవ్వలేదు. సర్కారు సరుకు చెడగొట్టిన పసుపు ముసలాయన అని పిల్లలు కూడా వెనక నుంచి అనేవాళ్ళు. పోస్టాఫీసు వాకిట్లో చెక్కపీట వేసుకుని, చదువురానివాళ్ళకు మనియార్డరు ఫారాలు నింపిపెట్టేవాడు. అక్కడ కూడా ఫారం నింపి ఇచ్చాక, “రసీదు వచ్చినాక పంపినానని రాసుకో” అని చెప్పడం విన్నాను. అణా తీసుకునేవాడు. సావుకారు కంపెనీ మాత్రం మునిగినట్టే మునిగి, యుద్ధం అయ్యాక పేరు మార్చుకుని తేలింది. నాకు జీతం అరవై అయింది. అది దేనికి పెరిగిందో నాకూ తెలుసు, సావుకారుకూ తెలుసు.

మీటింగు అయిన మరుసటి ఏడు ఉగాదికి ఒక జత పంచెలు కొన్నాను. మంచి జరీ అంచువి, నా స్తోమతకు మించినవి. పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. వసారాలో కూర్చుని పాత కాగితాలకు కుట్టు వేసుకుంటున్నాడు. రమ్మన్నాడు, మజ్జిగ ఇప్పించాడు. పంచెలు ముందు పెట్టి, ఏదో గొణిగాను. తప్పయిపోయిందని కాబోలు.

ఆయన మడత విప్పకుండానే అంచు చూశాడు. “బాగుండాయప్పా” అన్నాడు.

“కట్టుకోండి. ఉగాది కదా, పసుపు పెట్టి...”

“పెడతా. ఆ పొద్దు నువ్వు చూసింది, ఆ ఛత్రంలో కూర్చున్నోళ్ళు వినేటట్ల ఒక్కసారి చెప్పు. ఆ దినం పెట్టుకుంటా.” గొంతులో నిష్ఠూరం ఏమీ లేదు. బేరం చెబుతున్నట్టు చెప్పాడు. “అంతదాకా లోపల ఉంచుతా. చూపుకు ఇచ్చినట్లనుకో.”

చెబుతానన్నాను. ఆ ఏడు మా ఆవిడకు మూడో కాన్పు. మరుసటి ఏడు ఇంటి అద్దె పెరిగింది. ఆ తర్వాత యుద్ధం అయిపోయింది, పాత సంగతులు ఎవరికి కావాలనిపించింది. దేశానికి స్వాతంత్ర్యం కూడా వచ్చింది, నా నోరు మాత్రం రాలేదు. పోస్టాఫీసు వైపు వెళ్ళాల్సి వస్తే పక్క వీధిలోంచి వెళ్ళేవాణ్ణి. ఆయన ఎన్నడూ నన్ను పిలిచి అడగలేదు. అడిగి ఉంటే తిట్టుకుని అయినా బాకీ తీర్చేవాడినేమో.

మొన్న సావుకారు ఆ మాట అని బండెక్కి వెళ్ళిపోయాక, నేను చెప్పులు వేసుకుంటుంటే లెక్కలాయన భార్య బయటికి వచ్చింది. చేతిలో ఒక పొట్లం, పైన ఒక సన్నటి చేతికుట్టు పుస్తకం. ఇంటి లెక్కలు రాసుకునేది. నా పంచెలు నా ముందే విప్పింది. ఈ నాలుగేళ్ళలో ఎప్పుడైనా ఆయన మూలకు పసుపు అద్ది ఉంటాడేమోనని ఒక్క క్షణం భయం, ఆశ కూడా. అదేమీ లేదు. మూలలు తెల్లగానే ఉన్నాయి.

“ఇవి మనవి కాదు, ఆయప్పకు తిరిగి ఇచ్చేయమని చెప్పినాడు నాయనా” అంది. “నాకు చదువు రాదు. ఇందులో ఏదో రాసినాడంట, అది కూడా కొట్టేయమన్నాడు. నువ్వే కొట్టేసి పో.”

పుస్తకం తెరిచాను. మొదటి పేజీ పైన ‘చూపు’ అని ఉంది. దాని కింద ఒక్కటే పద్దు: పంచెలు ఒక జత, టైపిస్టప్ప. వెనక ఇంకో మూడు పుస్తకాలు కలిపి కుట్టి ఉన్నాయి. ప్రతి ఉగాదికీ కొత్త పుస్తకం మొదలుపెట్టి, ప్రతి పుస్తకంలోనూ ఆ పద్దును మళ్ళీ ఎక్కించుకుంటూ వచ్చాడు. నాలుగు సార్లు రాశాడు. నాలుగు సార్లూ పెన్సిలుతోనే.

ఆమె పెన్సిలు కూడా తెచ్చి ఇచ్చింది. నేను కొట్టేయలేదు, ఆమె చూస్తుండగానే పుస్తకం మూసి చేతికిచ్చి, పంచెలు మాత్రం తీసుకుని వచ్చాను.

ఆ మార్చి శుక్రవారం నేను భోజనానికి పోలేదు. గుమ్మం పక్కనే నిలబడి ఉన్నాను. తానుల మీద మొదటి పసుపు పెట్టింది సావుకారు, తక్కినవాటికి పెట్టమని చెప్పింది సావుకారు. లెక్కలాయన వద్దన్నాడు. నేను నవ్వాను. ఆ రోజు ఛత్రంలో ఉన్న నేతగాళ్ళలో చదువు వచ్చినవాళ్ళు ఇది చదివి, రానివాళ్ళకు వినిపించాలని కోరుతున్నాను.

చెప్పాల్సింది చెప్పాను. పంచెలు నా బల్ల మీదే ఉన్నాయి. ఒప్పుకుని పసుపు పెట్టాల్సిన మనిషి లేడు.